వేళ్ల సంచి

ఆదివారం పుతాయెందో ఊరంతా చర్చిలో ఉంటే, దోన్ బల్తసార్ ఒక్కడే పార భుజాన వేసుకుని వెళ్లి ద్రాక్ష వేళ్లు తవ్వుకొచ్చాడు. మట్టి కడిగి, సంచిలో కట్టి, వ్యవసాయ ఇంజనీరు హసింతా చేతిలో పెట్టాడు. అదీ ముక్కు చిట్లించుకుంటూనే.

"వేళ్లు చూసి జోస్యం చెప్తావా, ఇంజనీరమ్మా?"

"చలికాలం తీగ తన బలమంతా వేళ్లలోనే దాచుకుంటుందండీ. అదెంతుందో చూస్తే ఎరువు ఎంత వెయ్యాలో తెలుస్తుంది," అంది ఆమె ఓపిగ్గా.

"నలభై ఏళ్లుగా ఎరువు వేస్తున్నవాడికి పాఠాలా!"

పరీక్ష పెట్టింది ఎగుమతి కంపెనీ. వేళ్లలో బలమున్న తోటకే ఐదేళ్ల ఒప్పందం. అది దక్కకపోతే బల్తసార్ తోట అమ్ముకోవాల్సిందే. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. అయినా పెద్దమనిషి నోరు మాత్రం తగ్గలేదు.

బావమరిది ఫెర్మీన్ కనిపిస్తే మరీను. ఫెర్మీన్ తోట కంచెకి అవతలే. పోయిన వేసవిలో పందిరి కూలుతుందేమో అన్నంతగా కాసింది. పళ్లన్నీ ఊళ్లోనే అమ్ముకుని, కంపెనీ జోలికే పోలేదతను.

"అదీ ఒక తోటేనా? ఒట్టి ఆకుల ఆర్భాటం!" అనేవాడు బల్తసార్. "వైన్ పీపాకి కాళ్లొచ్చినట్టుంటాడు, వాడికి వ్యవసాయమేం తెలుసు!"

ఫలితాలొచ్చిన రోజు రైతులందరినీ సంఘం ఆవరణకి పిలిపించింది కూడా ఆయనే.

"గట్టిగా చదువు. మా బావమరిది చెవిన పడాలి."

హసింతా కాగితం చూసి తటపటాయించింది.

"వేళ్లు డొల్లగా ఉన్నాయి, దోన్ బల్తసార్. పిండిపదార్థం లేదు, నత్రజని లేదు. పోయినేడు మోయలేనంత కాపు కాసి, ఉన్నదంతా ఊడ్చుకుపోయింది. ఈ ఏడు సగం గుత్తులు తెంపేసి, ఎరువు పెట్టి మేపుకోవాలి. ఒప్పందం కుదరదు."

ఫెర్మీన్ పగలబడి నవ్వాడు.

"మోయలేనంత కాపా! మా బావ తోటలోనా? పోయినేడు అక్క ఒక్క బుట్ట పట్టుకెళ్లి తోటంతా కోసుకొచ్చింది కదా!"

ఆవరణంతా గొల్లుమంది. హసింతా మాత్రం నవ్వలేదు. కాగితం వంకా, బల్తసార్ వంకా మార్చి మార్చి చూసింది.

"కాపే లేని తోటలో వేళ్లు ఇలా ఖాళీ అవ్వవే! మీ చేత్తో మీరే తవ్వారుగా?"

"నేనే తవ్వాను," అన్నాడు బల్తసార్, నేలచూపులు చూస్తూ.

ఆదివారం ఆయన పార పట్టుకుని దూరింది కంచెకి అవతల, ఫెర్మీన్ తోటలోకి.