స్టీరింగు ఆయనది

"కొంచెం ఎడం కొట్టు. ఆఁ, చాలు. ముందు గుంట ఉంది, స్లో."

ఆమె చక్రాల కుర్చీ వేగం తగ్గించింది. రెండు కాళ్లూ పోయి పదకొండేళ్లయినా ఆయనలోని లారీ డ్రైవరు ఇంకా రిటైరు కాలేదు. వీధి వీధంతా ఆయన్ని డ్రైవరనే పిలుస్తుంది. కుర్చీలో కూర్చుని ఆయన దారి చెబుతాడు, వెనక నుంచి ఆమె తోస్తుంది. జోరుగా పోవాలంటే కుర్చీ చేతి మీద రెండు దెబ్బలు. ఆగాలంటే ఓ దగ్గు. దగ్గంటే బ్రేకు.

ఎవరైనా నవ్వితే, "ఇంజను నేను, స్టీరింగు ఆయనది. హారను మాత్రం ఇద్దరిదీ" అంటుందామె.

ఇవాళ ఆమెకు నవ్వు రావడం లేదు. ఆయన చొక్కా జేబులో ఓ కాగితం ఉంది. పింఛను మళ్లీ పరిశీలిస్తారట, స్వయంగా హాజరు కావాలట. నిన్నటి నుంచి ఆయన చేత నాలుగుసార్లు చదివించుకుంది. ఎన్నిసార్లు విన్నా అందులో మెత్తని మాట ఒక్కటీ తగల్లేదు.

ఇంటికి ఒకటే పింఛను. అద్దె, మందులు, పొయ్యి, అన్నీ దాని మీదే. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. కానీ అందరూ ఫోనులోనే టైము చూసుకుంటుంటే గడియారం ఎవడు తెస్తాడు?

పెద్ద రోడ్డు దగ్గర బస్సుల రొద. డీజిలు కంపు ముఖాన కొట్టింది. ఆయన కుర్చీ చేతిని టకటకా తట్టాడు. ఆమె ఊపందుకుంది. బ్రేకుల కీచు, ఎవడిదో ఓ తిట్టు, అంతే, అవతలికి చేరిపోయారు.

"బండికి గీటు పడిందా?" అంది గర్వంగా.

"పడలేదులే తల్లీ." ఆయన గొంతు తగ్గించాడు. "ఇవాళొక్కరోజు పడితేనే బాగుణ్ణు. లోపలికి పోయేటప్పుడు గుమ్మానికి ఓ గుద్దు గుద్దవే."

"నేనా? ఇన్నేళ్లుగా గోడకైనా తగలనివ్వలేదు. ఇప్పుడు నలుగురిలో గుద్దాలా? నా పరువేం కాను?"

"పరువు వండుకు తింటామా?"

ఆమె కుర్చీని ముందుకు తోసింది.

ఆఫీసు వరండాలో ఫినాయిలు వాసన, జనం మూలుగులు. చేతికర్ర టకటకలాడించుకుంటూ ఓ ముసలమ్మ లోపల్నుంచి వచ్చి వాళ్ల పక్కన కూలబడింది.

"ఇంత వంగిపోయాను కదా, 'కూర్చోగలుగుతున్నారుగా' అన్నాడమ్మా. లేచి నుంచుంటే, 'నుంచోగలుగుతున్నారుగా' అన్నాడు. పడుకుని రావాలి కాబోలు."

"పడుకుంటే, 'హాయిగా నిద్రపడుతోందిగా' అంటాడు పిన్నీ," అన్నాడు డ్రైవరు.

ముసలమ్మ నవ్వబోయి ఏడ్చేసింది.

వాళ్ల నంబరు పిలిచారు. గుమ్మం ఇరుకు. "కుడికి బెత్తెడు," అని గొణిగాడాయన. సూదిలో దారం ఎక్కించినట్టు కుర్చీని లోపలికి తీసుకెళ్లిందామె. గోడ సున్నం కూడా రాలలేదు. ఆయన నిట్టూర్చాడు.

ఆఫీసరు గొంతు మర్యాదగానే ఉంది.

"ఇందాక కిటికీలోంచి చూశానమ్మా. ఆ రద్దీలో కుర్చీ తోసుకొచ్చింది మీరేనా?"

డ్రైవరు దగ్గాడు.

ఆమెకు వినిపించింది. బ్రేకు. కానీ ఈ పదకొండేళ్లలో, అయ్యో డ్రైవరూ అన్నవాళ్లే తప్ప, ఆమె చేసే పనిని ఒక్కరూ పట్టించుకోలేదు. ఇన్నాళ్లకి ఒక మనిషి అడిగాడు.

"నేనే బాబూ. రోజూ నేనే."

"ఎవరి సాయం లేకుండా?"

మళ్లీ దగ్గు. ఈసారి గట్టిగా, గుండెలు పట్టేసినట్టు.

"మాకెవరున్నారు బాబూ సాయానికి? బజారుకైనా, ఆసుపత్రికైనా నేనే తీసుకెళ్లాలి. ఇన్నేళ్లలో ఒక్క మనిషికి తగిలింది లేదు, ఒక్క గుంటలో దిగింది లేదు."

"సార్, అది కాదు సార్, దారి..." అన్నాడు డ్రైవరు.

"మిమ్మల్ని అడగలేదండీ. డాక్టరుగారు సెలవు. నేను చూసింది నేను రాసేస్తాను."

కలం గరగరలాడింది. ముద్ర బల్ల మీద ధబ్బున పడింది.

"ఈ నెల నుంచి పింఛను ఆగిపోతుందమ్మా. కారణం ఇందులో ఉంది. తరువాతి నంబరు!"

బయటికొచ్చారు. ఆయన ఎడమనలేదు, కుడి అనలేదు. ఆమె అలాగే తోసుకుపోయింది. గేటు దిమ్మెకి కుర్చీ ఠప్పున కొట్టుకుంది, పదకొండేళ్లలో మొదటిసారి.

"ఇప్పుడు గుద్దావా?" అన్నాడాయన.

ఆమె అక్కడే ఆగిపోయింది.

"ఇంతకీ నేనేం తప్పు మాట్లాడానయ్యా? ఏం రాశాడో చదువు."

ఆయన కాగితం మడత విప్పిన చప్పుడైంది. చదివాడు:

"భర్త కుర్చీని రద్దీ రోడ్డులో ఎవరికీ తగలకుండా తోసుకురావడం స్వయంగా చూసినందున, దరఖాస్తుదారురాలికి పుట్టుకతోనే రెండు కళ్లూ కనిపించవన్న మాట నిజం కాదని తేలినది."