ఎనిమిది నిమిషాలు

"ఎనిమిది నిమిషాలు. మీరు కాఫీ తాగొచ్చేలోపు అందుతుంది," అని పక్క ఊరి సర్జన్‌కి చెప్పి ఫోన్ పెట్టేశాడు స్కానింగ్ ఇన్‌ఛార్జి.

ఆసుపత్రిలో అందరూ అతన్ని నిమిషాలాయన అంటారు. ఏదడిగినా నోటిలెక్క వేసి నిమిషాల్లో చెప్పేస్తాడు. లెక్క తప్పితే మాత్రం చచ్చినా ఒప్పుకోడు.

ఆరోజు పంపాల్సింది మామూలు స్కాన్ కాదు.

పైన ఐసీయూలో ఒక అమ్మాయి ఉంది. కాలేజీకి వెళుతుంటే లారీ గుద్దేసింది. మెదడు పూర్తిగా చచ్చిపోయింది, గుండె మాత్రం మందులతో, మెషిన్లతో కొట్టుకుంటోంది. ఇంటివాళ్ళు గుండె రాయి చేసుకుని అవయవాలు తీసుకోమన్నారు.

పక్క ఊరి పెద్దాసుపత్రిలో ఇద్దరు పిల్లల తల్లి ఒకావిడ ఉంది. లివర్ దొరక్కపోతే ఈ వారం గడవదు.

అక్కడి సర్జన్ స్కాన్ మొత్తం చూసి సరేనంటే, ఇక్కడి డాక్టర్లు వెంటనే ఆపరేషన్ మొదలుపెడతారు. అమ్మాయి బీపీ నిలవడం లేదు, గుండె ఆగితే లివరూ పనికిరాదు, మధ్యాహ్నం దాకా ఎలాగో లాక్కొస్తాం, ఆ తర్వాత మా చేతుల్లో లేదని ఐసీయూ డాక్టరు ముందే చెప్పాడు.

అప్పటికి పదకొండయింది.

నిన్నమొన్నటిదాకా స్కాన్లు సీడీల్లో వేసి కొరియర్‌లో పంపేవారు. కొత్త లైను వేసి వారం కూడా కాలేదు. ఫైలు చూస్తే నాలుగు వేల ఎంబీ, లైను డబ్బా మీద వేగం సెకనుకి ఎనిమిది అని ఉంది. నాలుగు వేలని ఎనిమిదితో భాగిస్తే ఐదొందల సెకన్లు. ఎనిమిది నిమిషాల చిల్లర. ఇంకేముంది, అయిపోయింది లెక్క.

బటన్ నొక్కాడు. తెర మీద ఆకుపచ్చ గీత బయల్దేరింది.

పావుగంట దాటింది. గీత ఇంకా పావువంతు దగ్గరే ఉంది.

"ఇరుక్కుపోయింది," అని తేల్చేశాడు. ఆపేసి, మళ్ళీ మొదటినుంచి పంపాడు.

గది బయట బల్ల మీద ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. నలిగిన చొక్కా, ఎర్రబడ్డ కళ్ళు. అద్దంలోంచి తెరకేసే చూస్తున్నాడు. లేచి తలుపు దగ్గరికొచ్చాడు.

"వెళ్ళిందా అండీ?"

వెళుతుంది, కూర్చోమన్నాడు నిమిషాలాయన. పెద్దాసుపత్రి పేషెంటు తాలూకు మనిషై ఉంటాడు, లివర్ కోసం కాపలా కాస్తున్నాడు అనుకున్నాడు. అడిగి తెలుసుకుంటే సొమ్మేం పోతుంది? అడగలేదు.

రెండోసారీ అంతే. పావుగంట, ఇరవై నిమిషాలు చూశాడు, తిట్టుకున్నాడు, ఆపేశాడు, మళ్ళీ పంపాడు. అవతల సర్జన్ ఫోన్ల మీద ఫోన్లు. ఇవతల ఐసీయూ నుంచి కబుర్లు. చొక్కా చెమటతో తడిసిపోయింది.

మూడోసారి కూడా ఆపబోతూ మౌస్ మీద చెయ్యి వేశాడో లేదో, ఆ పెద్దమనిషి సగం లోపలికే వచ్చేశాడు.

"ఆపకండి బాబూ. నెమ్మదిగా అయినా కదులుతోంది కదా. దాన్నలా వదిలెయ్యండి."

నిమిషాలాయనకి ఒళ్ళు మండిపోయింది. తన గదిలోకొచ్చి తనకే చెప్పడమా?

"ఏం మనిషివయ్యా నువ్వు? పైన ఒకళ్ళ బిడ్డ చచ్చి పడుంటే, నీ గోల నీదేనా? కాస్త సిగ్గుండాలి."

పెద్దమనిషి పైకి వెళ్ళే మెట్లకేసి ఒకసారి చూశాడు. వెళ్ళి బల్ల మీద కూర్చున్నాడు.

నిమిషాలాయన మూడోసారీ ఆపేశాడు. లైను వేసినవాళ్ళకి ఫోన్ చేసి, ఇదేం దిక్కుమాలిన లైనని దులిపేశాడు.

అవతలివాడు ఓపిగ్గా విని, లైను బాగానే ఉంది సార్ అన్నాడు. మీ ఫైలు కొలత బైట్లలో ఉంటుంది, మా లైను వేగం బిట్లలో చెబుతాం, ఎనిమిది బిట్లయితేనే ఒక బైటు. అంటే మీ లెక్కకి ఎనిమిది రెట్లు, గంట పైన పడుతుంది, మధ్యలో మాత్రం ఆపకండి అన్నాడు.

నిమిషాలాయన ఫోన్ పెట్టేశాడు. చదువుకునే రోజుల్లో పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న ముక్కే అది. మొదటిసారి పంపినదాన్ని ముట్టుకోకుండా వదిలేసి ఉంటే ఈపాటికి చేరడానికి వచ్చేది. కాసేపట్లో ఆపరేషనూ మొదలయ్యేది.

మళ్ళీ పంపాడు. ఈసారి ముట్టుకోలేదు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

గీత సగం దాటింది. ఇంకాస్త జరిగింది.

ఐసీయూ సిస్టర్ మెట్లు దిగొచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఇక పంపక్కర్లేదు సార్. గుండె ఆగిపోయింది. డాక్టర్లు ఎంత చేసినా నిలవలేదు."

నిమిషాలాయన బయటికొచ్చాడు. జీవితంలో మొదటిసారి తప్పు ఒప్పుకోవాలనిపించింది. బల్ల ముందు తల వంచుకుని నిలబడ్డాడు.

"నా లెక్క తప్పిందండీ. మీరు చెప్పినట్టు ఆపకుండా ఉండాల్సింది. మీ మనిషికి ఇక లివర్ అందదు. నన్ను క్షమించండి."

పెద్దమనిషి తలెత్తి అతనికేసి చూశాడు.

"ఆవిడకి ఇద్దరు పిల్లలటగా. మరీ చిన్నవాళ్ళాండీ?"

నిమిషాలాయనకి అర్థం కాలేదు. సొంతమనిషి పిల్లల సంగతి తననడుగుతాడేంటి?

ఈలోపు సిస్టర్ వచ్చి ఆ పెద్దమనిషి భుజం మీద చెయ్యి వేసింది.

"పైకి రండి బాబాయ్, మీ అమ్మాయిని చూద్దురుగాని."