ఎనిమిది జతల బూట్లు

రైలు కదలడానికి ఐదు నిమిషాల ముందు అధికారి ఎక్కాడు. చేతిలో తోలు సంచి. సంచిలో, ఆ రైలును ఈ నెలాఖరుతో ఆపేయమనే ఉత్తర్వు. దాని మీద ఆయన సంతకం ఒక్కటే తరువాయి.

"దిష్టిబొమ్మలా నిలబడతావేంటయ్యా? సంచి అందుకో," అన్నాడు అటెండరుతో.

అటెండరు అందుకున్నాడు. రైలు ఆగితే అతని ఉద్యోగం పోతుంది. వంటగదిలో ఉన్న బావదీ పోతుంది. గదుల్లో పక్కలు సర్దేది అతని చెల్లెలు, అంటే ఆ బావగారి పెళ్లాం. ఆమెదీ పోతుంది. ఇంటిల్లిపాదీ ఒకేసారి రోడ్డున పడతారు. అందుకే సంచితో పాటు తిట్టు కూడా భద్రంగా అందుకున్నాడు.

అధికారి నడవా పొడుగునా రైలు చరిత్ర చెప్పుకుంటూ నడిచాడు. అడిగినవాడు లేడు. ఎనభై ఏళ్ల కిందట మొదలైందట. రాత్రి పట్టు దుప్పట్లో పడుకుంటే తెల్లారేసరికి సముద్రం ఒడ్డునట. రాజులెక్కారట. రాజ్యాలు ఊడిపోయాక కూడా ఎక్కారట. ఒకాయన తన కుక్కకి వేరే గది తీసుకున్నాడట. ఒకావిడ సబ్బు వాసన నచ్చలేదని గొలుసు లాగిందట. ఇవన్నీ ఘనకార్యాలని ఆయనగారి ఉద్దేశం. ఉత్త నిద్ర కోసం ఇంత ఆర్భాటం చేసేవాళ్లకి ఎంత పొగరుండాలో మాత్రం ఆ చరిత్రలో ఎక్కడా లేదు.

"ఈ రైలు అసలు గొప్పేంటో తెలుసా?"

ముప్పై ఏళ్లుగా అందులోనే పనిచేస్తున్న అటెండరు, "తెలీదు సార్," అన్నాడు.

"ఒక ప్రయాణికుడి మొహం ఇంకో ప్రయాణికుడు చూడక్కర్లేదు. మొదటి రోజు పెట్టిన నియమం! వాళ్లు గంట కొడితే తప్ప మనం తలుపు తట్టకూడదు. గొప్పవాళ్లకి సాటి గొప్పవాళ్లంటే పడదయ్యా."

ఆయన చెప్పిన వాటిల్లో నిజం ఇదొక్కటే.

ఎనిమిది తలుపులూ మూసి ఉన్నాయి. ఒక్కో తలుపు ముందు ఒక్కో జత బూట్లు. పడుకోబోయే ముందు బయట పెడితే, తెల్లారేసరికి పాలిష్ చేసి పెట్టాలి. అదీ ఆ రైలు ఆచారమే. అధికారి వంగి ఒక జత పరీక్షగా చూశాడు.

అటెండరు గబగబా దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"మట్టే లేదేంటి?"

"అలాంటివాళ్లు నేల మీద నడవరు కదా సార్."

అధికారి మెచ్చుకోలుగా తలూపాడు. వెటకారం ఆయనకి ఎక్కితేగా!

ఖాళీగా ఉన్న తొమ్మిదో గది ఆయనకిచ్చారు. పరుపు మీద కాళ్లు చాపి, "టికెట్ల గుమాస్తా ఒకడు ఈ రైలు గురించి పేజీలకి పేజీలు రాసి పంపాడు," అన్నాడు. "గుమాస్తా రాతలు నేను చదవను. నా కళ్లతో నేను చూడాలి. ఫిర్యాదుల పుస్తకం పట్రా."

దిండంత పుస్తకం తెచ్చారు. అధికారి హుషారుగా పైకి చదివాడు.

"ఒకటో గది. 'అటెండరు చెవులు చేటలంత. చూశాక నిద్ర పట్టలేదు.' నాలుగో గది. 'వంటవాడికి నాలుక ఉందా? ఉంటే ఈ సూప్ వాడు తాగి చూశాడా?' ఆరో గది. 'అటెండరుది పుట్టు బద్ధకం.' ఏడో గది. 'ఈ వంట కంటే పస్తు నయం.' ఛీ! ఎంత పెద్దవాళ్ల చేత ఎన్ని మాటలు పడ్డారయ్యా!"

పళ్లెం తెచ్చిన వంటాయన, అటెండరు ఒకరినొకరు కొరకొరా చూసుకున్నారు. ఇద్దరి మొహాలూ మాడిపోయాయి.

అంతలో వంటగదిలో గంట మోగింది. మూడో గది. వంటాయన సూప్ పట్టుకుని పరిగెత్తాడు. మళ్లీ గంట. ఏడో గది. అటెండరు దిండు పట్టుకుని పరిగెత్తాడు. ఒకటి. ఎనిమిది. మళ్లీ మూడు. పళ్లేలు నిండుగా వెళ్లి ఖాళీగా తిరిగొస్తున్నాయి. అధికారి తలుపు ఓరగా తీసుకుని, తిరునాళ్లకొచ్చిన పిల్లాడిలా చూస్తూ కూర్చున్నాడు.

"మూడో గదికి మూడోసారి సూపా?"

"అది కడుపో చెరువో మాకూ అంతుబట్టదు సార్," అన్నాడు వంటాయన రొప్పుతూ.

"పక్కలు సర్దే ఆవిడ ఒక్కసారి కూడా కనబడలేదే?"

"గదుల్లోనే ఉంది సార్, లోపల పనివాళ్ల తలుపుల్లోంచి ఒక గది నుంచి ఇంకో గదికి తిరుగుతూ. ఈ పూట దానికి ఊపిరి సలపట్లేదు."

తెల్లారింది. సముద్రం ఊరు వచ్చింది. ప్లాట్‌ఫారం మీద జనం పల్చబడేదాకా గొప్పవాళ్లు దిగరు. ఆ నియమం అధికారి స్వయంగా గుర్తుచేసి, ఎవరికీ ఎదురుపడకుండా తానే ముందు దిగాడు. వెనకాల అటెండరు, వంటాయన దిగారు. చెల్లెలు ఆవులిస్తూ గుమ్మంలోకి వచ్చింది. జుట్టంతా చెదిరిపోయి ఉంది.

"ఒళ్లు హూనమైంది అన్నయ్యా. ఏమన్నాడు?"

"ఉష్..."

అధికారి సంచిలోంచి ఉత్తర్వు తీశాడు. ఆయన దాన్ని రెండుగా చింపాడు. నాలుగుగా చింపాడు.

"ఈ రైలునా ఆపేది? ముందు ఆ గుమాస్తాని ఆపాలి!"

చెల్లెలు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది.

"ఏడవకమ్మా. పై నెల నుంచి ఇంకో బోగీ తగిలిస్తాం. ఇంకో ఎనిమిది గదులు."

"వద్దు సార్!" ముగ్గురూ ఒక్కసారే అరిచారు.

"చూశారా? ఇదే పుట్టు బద్ధకమంటే. ఆరో గదాయన ఊరికే రాయలేదు," అని అసహ్యంగా మొహం పెట్టి, బూట్లు టకటకలాడించుకుంటూ వెళ్లిపోయాడు.

ఏడేళ్లలో ఆ రైలెక్కిన మొట్టమొదటి ప్రయాణికుడు ఆయనే.