సమయేలు పక్క చోటు

లీలమ్మ గోతిలో దిగి కూర్చుంది. అది సీతారత్నం కోసం తవ్విన గొయ్యి. సీతారత్నాన్ని టెక్కలి ఆసుపత్రి నుంచి తెచ్చి పాత చర్చిలో పెట్టారు. పాటలవుతున్నాయి. ఇంకాసేపట్లో పెట్టె ఇక్కడికి రావాలి. చేపల వేటకు వెళ్ళని రోజుల్లో గోతులు తవ్వే గున్నయ్య బీడీ కాల్చుకోవడానికి అటు తిరిగాడో లేదో, ఈవిడ కుచ్చిళ్ళు ఎగదోపుకుని దిగిపోయింది. డెబ్బై దాటిన మనిషి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎలా దిగిందో ఆ దేవుడికే తెలియాలి.

గున్నయ్య కబురంపితే సంఘ పెద్ద వరప్రసాదు పరుగున వచ్చాడు.

"అప్పా, ఇదేటి పని? లెగు. పెట్టె వచ్చే ఏళయింది."

"రానీ. నా మీదే దించండి" అంది లీలమ్మ. "ఇది నా సోటు. పక్కన మా సమయేలున్నాడు. నా పెనిమిటి పక్కన నాను తప్ప ఇంకో ఆడది తొంగోడానికి ఈల్లేదు."

వరప్రసాదు నెమ్మదిగా నచ్చజెప్పబోయాడు. స్థలం చాలడం లేదు, దొరల సమాధుల ఇనుప కంచె జోలికి వెళ్ళకూడదు, అందుకే ఇకమీదట వరస ప్రకారం పూడ్చుకుపోవాలని సంఘం తీర్మానం చేసింది. ఆ తీర్మానానికి అందరికంటే ముందు చెయ్యెత్తింది లీలమ్మే. ఆ సంగతి కూడా గుర్తుచేశాడు పాపం. అది మిగతావాళ్ళ కోసం ఎత్తిన చెయ్యి అని ఆవిడ తేల్చేసింది.

నిజానికి పోయింది ఇంకెవరైనా అయితే ఇంత గొడవ ఉండేది కాదేమో. పోయింది సీతారత్నం. సమయేలుకు మొదట ఖాయం చేసుకున్న పిల్ల ఆవిడే. ఆ సంబంధం ఎందుకో తప్పిపోయి లీలమ్మకు కుదిరింది. చర్చిలో సమయేలు తల ఆడవాళ్ళ వైపు కాస్త తిరిగిందంటే ఆ పూట ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. ఆయన పోయాక గానీ లీలమ్మ ప్రార్థన మీద మనసు పెట్టలేకపోయింది.

"బతికున్నన్నాళ్ళూ కాపు కాసినాను పెసాదూ. ఇప్పుడు నువ్వు తెచ్చి పక్కన పడుకోబెడతానంటే ఊరుకుంటానేటి?"

ఆవిడ ఆ మాట అన్నది కోపంతో కాదు, భయంతో. ఆవిణ్ణి ఓదార్చబోయి వరప్రసాదు, తుపాను తరవాత ఎవరి సమాధి ఎక్కడుందో ఎవరికి తెలుసులే అప్పా అని అన్నాడు. అనకుండా ఉండాల్సింది.

తొంభైతొమ్మిది తుపానుకు శిలువలన్నీ ఎగిరి సరుగుడు తోటలో పడ్డాయి. ఇసక మేట వేసి సమాధుల దొడ్డి చదునైపోయింది. జనం ఎవరి శిలువ ఎక్కడ పాతాలో తెలియక నిలబడిపోతే, లీలమ్మ ఒక్కర్తే సమయేలు శిలువ భుజాన వేసుకుని చరచరా వచ్చి పాతేసింది. మిగతావాళ్ళు ఆ శిలువను ఆనవాలు పెట్టుకుని తమవి పాతుకున్నారు. అదంతా ఇప్పుడు గోతిలోంచి వరప్రసాదుకు వినిపించింది. కళ్ళకు గంతలు కట్టి వదిలినా సమయేలు దగ్గరికే వచ్చి ఆగుతానంది. వరప్రసాదు చెంపలేసుకున్నాడు.

ఇంతలో సీతారత్నం కొడుకు జయప్రకాష్ వచ్చాడు. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. గోతి అంచున కూర్చుని చెయ్యి అందించాడు.

"పిన్నీ, అమ్మనెక్కడైనా పెట్టుకుంటాం. నువ్వు పైకి రా. నువ్వే సూపించు, అక్కడే తవ్విద్దాం."

లీలమ్మకు వాడి మొహం చూసి జాలేసింది. అయినా వరప్రసాదు చేత సరేననిపించుకున్నాకే చెయ్యి అందుకుంది. పైకి వచ్చి, చీరకంటిన ఇసక దులుపుకుని, దొడ్డంతా ఓసారి కలయజూసింది. సముద్రం వైపు గోడ వార, అన్నిటికీ దూరంగా, ఒక్క శిలువైనా లేని చోటు కనబడింది.

"అల్లక్కడ. జీడిమామిడి కింద. ఎవులూ లేరు, సల్లగా ఉంటాది."

ఇసక నేల కాబట్టి గున్నయ్య బేగి తవ్వేశాడు. పెట్టె దించారు. పాటలో అందరికంటే లీలమ్మ గొంతే పైకి వినిపించింది. గుండెలో బరువు దిగిపోయి, ఇన్నేళ్ళలో మొదటిసారి ఆవిడకు సీతారత్నం మీద ప్రేమలాంటిది కూడా పుట్టింది. మంచి మనిషి, నోరెత్తి ఎవరినీ ఒక మాట అనలేదు అని పక్కావిడతో అంది. పాస్టరు అయ్యగారు ప్రార్థన ముగించగానే మన్ను వేయడానికి తానే ముందుకు వచ్చింది.

ఆవిడ కాలికింద ఇసక జారింది. జయప్రకాష్ పట్టుకున్నాడు గనక పడలేదు గానీ, గోతి పక్క గోడ విరిగి సీతారత్నం పెట్టె మీద పడింది. ఆ విరిగిన చోట ఇంకో పెట్టె బయటపడింది. పాతది. రెండింటికీ మధ్య జానెడు ఇసకైనా లేదు.

నీలం రంగు చెక్క. దానికి తుప్పు పట్టిన గొళ్ళెం వేలాడుతోంది. శవపెట్టెకు గొళ్ళెమేమిటని అయ్యగారు ఆశ్చర్యపోయారు. ఇక్కడ ఎవరిని పూడ్చారో గుర్తుందా అని వరప్రసాదు ఒక్కొక్కరినే అడిగాడు. ఎవరికీ తెలియలేదు. లీలమ్మ మాత్రం గుప్పిట్లో మన్ను పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"అది మా ఈధి తలుపు" అంది చివరికి. "సమయేలు పోయిన్నాడు పెట్టెకి సెక్క సాలకపోతే, నానే ఊడదీసి ఇచ్చినాను."