విడిపించుకోని పట్టు

హైమవతి ఛాతీ మీద ఎనభై కిలోల బరువు పడింది. రెండు చేతులు మెడ కిందుగా చుట్టుకుని ఆమెను చాపకు అదిమేశాయి. గదిలో ఇంకెవరూ లేరు. తెర మీద గురువు చూపించిన జూడో పట్టును ఆమె ఒంటికున్న యంత్రపు తొడుగు అచ్చంగా అలాగే వేస్తోంది. ఓడిపోయానని చాపను రెండుసార్లు తడితే వదిలేస్తుంది.

ఆమె తట్టలేదు. తనను ఇలా రెండు చేతులు చుట్టుకుని ఎన్నేళ్లయిందో.

గాజువాకలో ఇప్పుడు జూడో నేర్చుకునే వాళ్లంతా ఇంతే, ఎవరి గదిలో వాళ్లు. ఇంతలో తొడుగులోనే ఫోన్ మోగింది.

"హైమవతిగారా? జూడో ఛానెల్ నుంచి ప్రవల్లికనండీ. మీ ఉచిత వారం ఈ సాయంత్రంతో అయిపోతోంది. ఎదుటివాళ్లను ఎత్తి విసిరే పాఠాలు తీసుకోండి మేడమ్, అందరూ అవే తీసుకుంటున్నారు."

"నాకీ అదిమిపట్టే పాఠాలే ఉంచమ్మా."

"వారం నుంచీ మొదటి పాఠమే చేస్తున్నారు కదండీ! ఒక్కసారైనా విడిపించుకుంటేనే రెండోది తెరుచుకుంటుంది. మీకు పడటం లేదేమో, మార్చెయ్యనా?"

"వద్దు! మార్చకు తల్లీ. నాకు బాగానే ఉంది."

అవతల ఆ పిల్ల గొంతు తగ్గించింది.

"మేడమ్, ఎంతకీ తట్టకపోతే కాసేపటికి తొడుగు దానంతటదే వదిలేస్తుంది. సడలుతోందనగానే కొంచెం పెనుగులాడండి. మళ్లీ గట్టిగా పట్టుకుంటుంది."

"నీకెలా తెలుసే?"

"నేనూ మొదటి పాఠంలోనే ఉన్నానండీ."

హైమవతి ఇంకేదో అడగబోయేలోగా ఫోన్ కట్టయింది. మెడ చుట్టూ పట్టు సడలుతోంది. ఆమె గబగబా పెనుగులాడింది.