ఆ ముక్క అబద్ధం

"ఎవరితో మాట్లాడుతున్నావు నాయనా?"

పక్క బెంచీ మీది పెద్దావిడ అడిగేసరికి మీటర్ రీడర్ సిగ్గుపడ్డాడు.

ఇంటింటికీ తిరిగి కరెంటు రీడింగులు రాసుకోవడం అతని ఉద్యోగం. మధ్యాహ్నం పార్కులో అన్నం తిన్నాక రోజూ ఒక పేజీ కథ రాసి, పైకి చదువుకుంటాడు. ఇప్పటికి పత్రికలకు పదకొండు కథలు పంపాడు. పదకొండూ గోడకు కొట్టిన బంతిలా తిరిగొచ్చాయి.

"కథ అమ్మా. నాకు నేనే చదువుకుంటున్నాను."

"అయితే ఇటు తిరిగి చదువు."

చదివాడు. ఆవిడ రెప్ప వేయకుండా చూస్తూ, సగంలో వేలెత్తి ఆపింది.

"ఇప్పుడు చదివావే, ఆ ముక్క అబద్ధం."

"కథంటేనే అబద్ధం కదమ్మా."

"మిగతాది నువ్వు నమ్మావు. దీన్ని నమ్మలేదు."

ఇంటికెళ్లి చూసుకున్నాడు. నిజమే. ఎక్కడో చదివి, బాగుందని తెచ్చి అతికించిన వాక్యం అది.

మర్నాటి నుంచి అతను చదవడం, ఆవిడ వేలెత్తడం. ఒకసారి ఆవిడకే పరీక్ష పెడదామని కావాలని ఓ గొప్ప వర్ణన ఇరికించాడు. సరిగ్గా అక్కడే వేలు లేచింది.

"మీరు కాలేజీలో పాఠాలు చెప్పేవారా అమ్మా?"

ఆవిడ నవ్వి ఒళ్లో ఉన్న లైబ్రరీ పుస్తకం చూపించింది.

"నాకు చదవడం ఒక్కటే వచ్చు. నువ్వేం చదువుతున్నావు?"

"రాయడానికే టైం చాలట్లేదమ్మా."

"నూతిలో ఉంటేనే కదా చేదలోకి వచ్చేది."

ఆ వారమే అతను లైబ్రరీలో చేరాడు.

మూడు నెలల తర్వాత తండ్రి మీద రాసిన కథ చదివాడు. 'నాన్న పోయిన రోజు గుండెలు పగిలేలా ఏడ్చాను' దగ్గర మళ్లీ వేలు లేచింది.

అతనికి ఒళ్లు మండింది.

"మా నాన్న సంగతి మీకేం తెలుసు?"

"నాకేం తెలియదు నాయనా. నీకే తెలుసు."

కాగితాలు మడిచి లేచిపోయాడు. ఆ తర్వాత అన్నం ఆఫీసు మెట్ల మీదే తిన్నాడు.

ఎన్నిసార్లు తిరగరాసినా ఆ వాక్యం దగ్గరే ముల్లు గుచ్చుకునేది. చివరికి ఒక ఆదివారం దాన్ని కొట్టేసి, జరిగిందే రాశాడు. 'ఆ రోజు నాకు ఏడుపు రాలేదు. నాన్న కళ్లజోడు తుడుస్తూ కూర్చున్నాను.'

రాశాక ఏడుపొచ్చింది.

ఆ కథ అచ్చయింది.

పత్రిక పట్టుకుని గబగబా పార్కుకు వెళ్లాడు. బెంచీ మీద ఆవిడ పోలికలతో ఒకామె కూర్చుని ఉంది.

"అమ్మ పోయి నెలైందండీ. తను కూర్చునే చోటు చూద్దామని వచ్చాను. కథల అబ్బాయి మీరేనా?"

అతను తలూపి, పత్రికను బెంచీ మీద పెట్టాడు.

"అంత శ్రద్ధగా వినడం... ఆవిడ ఎక్కడ నేర్చుకున్నారండీ?"

కూతురు వింతగా చూసింది.

"వినడమా? అమ్మ ముప్పై ఏళ్లు బట్టల మిల్లులో చేసింది. ఆ మగ్గాల రొదకి చెవులు ఎప్పుడో పోయాయి. ఎదురుగా మాట్లాడితే పెదాలు చూసి పట్టుకునేది గానీ, తలవంచుకుని చదివే మీ కథలు ఒక్క ముక్కా వినలేదండీ, మీ ముఖమే చదివేది."