సారమ్మ సూది

మున్నేరు పొంగి డోర్నకల్ రైలు కట్టను కోసుకుపోయిన ఏడు అది. నీళ్లు తీసి నెల దాటినా బొగ్గు బస్తీలో బురద ఆరలేదు. ఆ బురదలో, సారమ్మ గుడిసెకు పదడుగుల దూరంలో, ముక్కుకు రుమాలు కట్టుకొని నిలబడ్డాడు జవాను అమర్‌సింగ్. వాకిట్లో రోజూ జరిగే పంచాయితీ అప్పుడే మొదలైంది.

"వద్దంటె వద్దు," అంది సారమ్మ. "నిన్న పొడిసిన కాడ ఇంక సలుపు తగ్గలె. నేను మనిషినా, గోనెబస్తానా?"

"మనిషివే అత్తా. గందుకే బతకమంటున్న," అన్నాడు కంపౌండర్ యోసేపు, మందుల పెట్టె చంకలో పెట్టుకొని.

"బతికి ఏం జెయ్యాలె? ఇంక నాలుగు గంపల బొగ్గు మొయ్యాల్నా?"

అంటూనే ఖళ్లుఖళ్లున దగ్గి రేకు డబ్బాలో ఉమ్మింది. అమర్‌సింగ్ ఇంకో రెండడుగులు వెనక్కి జరిగాడు.

ఇంజన్లకు బొగ్గు మోసే కూలీల బస్తీ అది. కూలి పోగొట్టుకొని వాళ్లు దవాఖానకు రారని, మిషన్ దవాఖాన డాక్టరమ్మ యోసేపునే ఇంటింటికీ పంపుతోంది. బస్తీలో క్షయ రోగులు ఏడుగురు. రోజుకు మనిషికో సూది, అరవై రోజులు. సముద్రం దాటి వచ్చిన కొత్త మందు.

అతని వెంట అమర్‌సింగ్‌ను తోలింది పోలీసు క్యాంపు. సర్కారు మీద తిరగబడ్డ సంఘం మనిషి రాజలింగుకు అదే జబ్బు ఉందని, అడవిలో నెత్తురు కక్కుతున్నాడని క్యాంపుకు కబురు. మందు కోసం అతను ఎట్లాగైనా చెయ్యి చాపుతాడని క్యాంపు పెద్ద అమీన్ సాబ్ నమ్మకం.

"ఒక్క సీసా దారి తప్పొద్దు. పొద్దున సీలు నువ్వు జూడాలె, ఖాళీ సీసా నువ్వు తేవాలె. రాజలింగు దొరికితెనే నీకు ఛుట్టీ," అన్నాడు.

నెల్లికుదురు దిక్కు తండాలో అమర్‌సింగ్ భార్య రామి ఆడపిల్లను కని మూడు నెలలైంది. ఆ పిల్ల నలుపో తెలుపో అతడికి ఇంకా తెలియదు.

మిగతా ఆరుగురితో పేచీ లేదు. మగవాళ్లు వాకిట్లోనే గోడవైపు తిరిగి నిలబడేవాళ్లు. ఆడవాళ్లు లోపలికి వెళ్లి, అంబలి తాగినంత సేపట్లో బయటికి వచ్చేవాళ్లు. సారమ్మ ఒక్కతే పొద్దు నడినెత్తికి వచ్చేదాకా ప్రాణం తోడేది.

"అవ్వా, ఒక్క సూదికి గింత లొల్లి జేస్తె నేనెప్పుడు పోవాలె, ఎప్పుడు తినాలె?" అన్నాడు అమర్‌సింగ్.

"నిన్నెవలు రమ్మన్నరు బిడ్డా? తుపాకి బట్టుకొని ముసల్దాని దగ్గుకు కావలి. మీ సర్కారుకు వేరే పని లేదా?"

పక్క గుడిసెల వాళ్లు నవ్వారు. అమర్‌సింగ్‌కు ఒళ్లు మండింది.

"యోసేపన్నా, ఈడనే పొడువు. పీడ పోతది."

"నడుము కింద ఎయ్యాలె సింగన్నా. ఆడమనిషికి వాకిట్ల ఎట్ల ఏస్తరు? మీ అవ్వకైతె ఒప్పుకుంటవా?"

అమర్‌సింగ్ ముఖం తిప్పుకున్నాడు. "అయితె లోపటికి గుంజుకపో. ఇంకో మాట మాట్లాడితె క్యాంపుకు పట్కపోత."

సారమ్మ సణుక్కుంటూ లేచింది. తడిక మూసుకుంది. లోపల దగ్గు, తిట్లు, బతిమాలటాలు, మళ్లీ దగ్గు. చాలాసేపటికి యోసేపు చెమట తుడుచుకుంటూ ఖాళీ సీసాతో బయటపడ్డాడు.

మొదటి వారంలో ఒకసారి అనుమానం వచ్చి అమర్‌సింగ్ ఆ తడిక జరిపి తల లోపల పెట్టాడు. చీకటి. కుప్పగా గొంగడి. పక్కనే అంచుదాకా నిండిన ఉమ్మి డబ్బా. ఆ పూట అన్నం సయించలేదు. మళ్లీ ఆ తడిక జోలికి పోలేదు.

నలభయ్యో రోజు సారమ్మ గడపకు అడ్డంగా కూర్చుంది. యోసేపు చెప్పి చెప్పి అలిసిపోయాడు. అమర్‌సింగ్‌కు ఇక ఓపిక చాలలేదు. దూరం మర్చిపోయి ఆమె ఎదుటికి వచ్చాడు.

"సస్తవు అవ్వా. మా నాయిన గీ జబ్బుతోనే పోయిండు. అప్పుడు ఏ మందూ లేకుండె. ఇంటి ముంగటికి తెచ్చి పొడుస్తమంటె నీకేం మాయరోగం?"

సారమ్మ అతని ముఖం కేసి చూసింది. లేచి లోపలికి పోయింది.

యాభైతొమ్మిదో రోజు సాయంత్రం అమీన్ సాబ్ పిలిచాడు.

"మందు లేక రాజలింగు అడవిలనే సచ్చి ఉంటడు. క్యాంపు నర్మెట్టకు మారుస్తున్నరు. నువ్వు పదొద్దులు ఇంటికి పోయి రా."

స్టేషన్‌కు పోయేవాడు బొగ్గు బస్తీ దగ్గర ఆగాడు. ఎందుకు ఆగాడో అతనికే తెలియదు. సారమ్మ వాకిట్లో నూకలు చెరుగుతోంది.

"అవ్వా, నేను పోతున్న, నా పిల్లను జూడ. రేపటితోని నీ సూదులు ఒడుస్తయి. అదిలిచ్చేటోడు లేడని ఎగ్గొట్టకు."

"ఎగ్గొట్ట బిడ్డా. నువ్వు అదిలియ్యబట్టే గిన్నొద్దులు ఒక్కటి గూడ తప్పలె." చాట పక్కన పెట్టింది. "పో, పిల్లను జూస్కో. ముక్కుకు గా రుమాలు ఇప్పేసి పో, జడుసుకుంటది."

ఆ బస్తీలో అమర్‌సింగ్ నవ్వడం అదే మొదలు.

మరునాడు పొద్దున, ఆ గుడిసెలోనే, గొంగడి జరిపి, యోసేపు రాజలింగుకు అరవయ్యో సూది వేశాడు.